నెల్లూరు, ఒంగోలు వైపు చలికాలం వెలుగులు చూడాలంటే ఎప్పుడు రావాలి, ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి కారులో వస్తారు, వెంట డెబ్బై దాటిన అమ్మగారు, ఇద్దరు పిల్లలు ఉంటారు. విదేశాల్లో డిసెంబరు వస్తే పార్కులు, వీధులు లైట్లతో నింపి జనానికి చూపిస్తారు కదా, మన నెల్లూరు, ప్రకాశం వైపు అలాంటిది ఏమైనా ఉందా, రెండు రాత్రుల్లో ఏం చూడొచ్చు, ఎప్పుడు రావాలి అని.

సూటిగా చెప్తాను. టికెట్ తీసుకుని లోపలికెళ్లి, బాణం గుర్తుల వెంట నడిచి, సెల్ఫీ దిగి బయటికొచ్చే లైట్ షో కావాలంటే ఇంత దూరం రావద్దు. అది హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. పండగ కోసం జనం తమకు తాము పెట్టుకునే వెలుగులు చూడాలంటే మాత్రం ఇటు రండి, దానికి రెండు అదనులు ఉన్నాయి. ఒకటి కార్తీక పౌర్ణమి సాయంత్రం. రెండోది డిసెంబరు మూడో వారం నుంచి జనవరి 1 దాకా, క్రిస్మస్, కొత్త సంవత్సరం, కొన్ని ఏళ్లలో ముక్కోటి కూడా దగ్గర దగ్గరగా పడే రోజులు. జీవితంలో ఒక్కసారే వస్తాను అనేవాళ్లకు నేను కార్తీక పౌర్ణమే చెప్తాను. పెద్దావిడ, పిల్లలు, కారు ప్రయాణం అంటున్నారు కాబట్టి మీకు మాత్రం డిసెంబరే మంచిది. ఎందుకో కింద రాస్తాను.

నేను నెల్లూరులో లైటింగ్ డెకరేషన్ పనిలో ఉన్నాను. గుళ్లకు, చర్చీలకు, తిరునాళ్లకు, పెళ్లిళ్లకు సీరియల్ సెట్లు కట్టడం, ఆర్చీలు నిలబెట్టడం మా పని. కాబట్టి నా మాటల్లో నిచ్చెన మీద నుంచి చూసినవే ఎక్కువ.

ముందు నూనె దీపాలు, ఆ తర్వాతే కరెంటు లైట్లు. ఈ ఒక్కటి గుర్తుంటే మీ ప్లాన్ సగం అయిపోయినట్టే. కరెంటు లైటు ఎక్కడికీ పోదు, రాత్రి పదకొండుకు వెళ్లినా వెలుగుతూనే ఉంటుంది. ప్రమిద అట్లా కాదు. పొద్దు గూకిన అరగంటలో అందరూ వెలిగిస్తారు, ఓ గంట కళకళలాడుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కటే కొండెక్కుతుంది. నవంబరు చివర్లో నెల్లూరులో ఐదూ నలభై ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. అంటే ఐదుంబావుకల్లా మీరు గుడి దగ్గరో ఏటి ఒడ్డునో ఉండాలి. హైదరాబాద్‌లో ఏడింటికి "సాయంత్రం" మొదలయ్యే అలవాటున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒకసారి బెంగుళూరు కుటుంబం ఒకటి పౌర్ణమి రోజు మధ్యాహ్నానికే వచ్చి, లాడ్జిలో పడుకుని లేచి, టిఫిన్లు చేసి, తీరిగ్గా తొమ్మిదింటికి గుడికొచ్చారు. అప్పటికి అక్కడ మసిబారిన ప్రమిదలు, నూనె మరకలు, చీపుర్లు పట్టుకున్న గుడి మనుషులు తప్ప ఏమీ లేవు. "ఇంతేనా అండీ?" అని నన్నే అడిగారు. గోపురం మీద మేం కట్టిన లైట్లు ధగధగమంటున్నాయి, వాళ్లలో ఒక్కరూ తల పైకెత్తలేదు. వాళ్లను తప్పు పట్టలేను. దీపాలు చూద్దామని వచ్చినవాళ్లకు పిక్సెల్ బోర్డు చూపించి సరిపెట్టడం కుదరదు.

ఇక కార్తీకం సంగతి. నెలంతా శివాలయాల్లో ఆకాశదీపం ఉంటుంది, చిల్లుల పాత్రలో దీపం పెట్టి ధ్వజస్తంభం పైకి తాడుతో లాగుతారు. సోమవారాలు రద్దీ. క్షీరాబ్ది ద్వాదశి సాయంత్రం ఇళ్లల్లో తులసికోట దగ్గర దీపాలు. అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి, తెల్లవారకముందే అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతారు. నన్నడిగితే ఈ పోలి పాడ్యమి బయటివాళ్లకు అస్సలు తెలియని ముచ్చట. ఏటి దగ్గర అయితే దొప్పలు ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు వరసగా పోతుంటాయి, చెరువులో అయితే ఒడ్డుకే తిరిగొచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆడవాళ్లు చేత్తో నీళ్లను నెట్టి వాటిని లోపలికి పంపుతుంటారు. ఐదింటికల్లా మొదలై తెల్లారేసరికి అయిపోతుంది. గుంపు తక్కువ, తోపులాట ఉండదు, పార్కింగ్ టెన్షన్ లేదు. తెల్లవారుజామున లేవగలిగితే పౌర్ణమి కన్నా ఇదే హాయి.

పౌర్ణమి మాత్రం పెద్ద పండగ. ఏడాదికి 365 రోజుల లెక్కన 365 వత్తులు కట్టగా కట్టి, ముందు రోజే నేతిలోనో నువ్వుల నూనెలోనో నానబెట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకుని తెస్తారు. ఇది మామూలు ప్రమిదలా నెమ్మదిగా వెలిగే సరుకు కాదు. అంటుకోగానే జానెడు మంట లేస్తుంది, నల్లగా పొగ వస్తుంది, చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలన్నీ ఒక్కసారి ఎర్రబడతాయి. దాని పక్కనే ఎవరో ఉసిరికాయ పైన కొంచెం చెక్కి, ఆ గుంటలో నేతి వత్తి వేసి వెలిగిస్తారు. అది గోరంత మంట, దగ్గరగా వంగి చూస్తే కాయ పైఅంచు లేత ఆకుపచ్చగా వెలుగుతుంటుంది. మీ పిల్లలకు ఆ రెండూ చూపించండి.

శివాలయాల్లో అదే రాత్రి జ్వాలాతోరణం ఉంటుంది. గుడి ముందర రెండు నిలువు కర్రలు పాతి, పైన అడ్డకర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుట్టి నిప్పు పెడతారు. శివపార్వతుల పల్లకి ఆ మంట కిందుగా మూడుసార్లు వెళ్తుంది, వెనకాల జనం. శివుడు త్రిపురాసురులను సంహరించిన రోజని ఈ పౌర్ణమికి పేరు. మొత్తం తంతు ఎంతోసేపు పట్టదు. నిలబడే చోటు ముఖ్యం. మాకు ఆ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. నిప్పురవ్వలు నైరుతి వైపు ఎగిరిపడతాయి. కాబట్టి తోరణానికి ఉత్తరం వైపో తూర్పు వైపో నిలబడండి, పొగ కూడా కళ్లల్లోకి రాదు. ముందు ఒక పిడికెడు మట్టి పైకి వేసి గాలి ఎటుందో చూసుకున్నా సరే. ఇంకో మాట, మంట కన్నా ఆ తర్వాతే జాగ్రత్త అవసరం. కాలగా మిగిలిన గడ్డిపోచల కోసం జనం ఎగబడతారు, పశువుల మేతలో కలిపితే మంచిదని, గాదెలో వేస్తే ధాన్యం నిలుస్తుందని. పెద్దవాళ్లు పడేది ఆ తోపులాటలోనే. పల్లకి మూడో చుట్టు పూర్తవుతుండగానే అమ్మగారిని పక్కకు తీసుకెళ్లిపోండి.

అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే, పెద్ద గుడి వదిలేసి చిన్న శివాలయానికి వెళ్లండి. మెయిన్ రోడ్డు మీది పేరున్న గుడిలో మీకు కనపడేవి ముందు వాళ్ల వీపులు. మెయిన్ రోడ్డు వదిలి పది కిలోమీటర్లు లోపలికి వెళ్తే, ఏ పల్లెలో అయినా వందమంది కూడా లేని శివాలయంలో అదే తోరణం, అవే వత్తులు. చెన్నై నుంచి వచ్చిన ఒక వయసైన జంటను అట్లాగే మేం పని చేస్తున్న చిన్న గుడికి తీసుకెళ్లాం. గుడి పూజారిగారి ఇంట్లోంచి రెండు కుర్చీలొచ్చాయి. ఎవరో ఆవిడ వచ్చి, "ఏం సామీ, ఊరికే కూర్చున్నారే, మీరూ ఒకటి వెలిగించండి" అని ఆ జంటలోని పెద్దావిడ చేతిలో ప్రమిద పెట్టింది. పెద్ద గుడిలో ఇది జరగదు.

చోట్ల గురించి చెప్పాలంటే, నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి పరిసరాలు, మూలాపేటలో మూలస్థానేశ్వరస్వామి గుడి. ఊరి బయట జొన్నవాడ కామాక్షితాయి గుడి, అదీ పెన్న ఒడ్డే, రాత్రి నిద్ర చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒంగోలు వైపు వాళ్లు కొత్తపట్నం సముద్ర స్నానానికి, మా వాళ్లు మైపాడుకు పోతారు, కానీ అది తెల్లవారుజాము స్నానాల రద్దీ, వెలుగుల కోసం పోయే చోటు కాదు. శ్రీశైలానికి తూర్పు ద్వారం అనే త్రిపురాంతకం ఆ రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ పేరే త్రిపురాసుర సంహారం కథది కాబట్టి. దూరం, కొండ, మెట్లు కూడా లెక్కేసుకోండి.

భైరవకోన గురించి విడిగా చెప్పాలి. నల్లమల అంచున, కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, ముందు సెలయేరు, పక్కన జలపాతం. నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారామపురం మీదుగా పోవచ్చు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని చెప్తారు, దానికోసమే జనం రాత్రంతా అక్కడ ఉంటారు. మనిషి పెట్టిన లైటు ఏదీ లేకుండా చూడాల్సిన వెలుగు అది, మా పనివాళ్లకు అక్కడ పని లేకపోతేనే బాగుంటుందని నా అభిప్రాయం. కానీ మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. మీ అమ్మగారితో రాత్రిపూట ఆ రోడ్డు మీద వెళ్లమని నేను చెప్పను.

మబ్బు మాట వచ్చింది కాబట్టి అసలు ఇబ్బంది ఏంటో చెప్తాను. తెలంగాణలో నవంబరు అంటే ఆకాశం అద్దంలా ఉంటుంది. మాకు అదే వానాకాలం. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. తుపాన్లు కూడా అప్పుడే. 2021లో కార్తీక పౌర్ణమి నవంబరు 19న వచ్చింది. సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లోనే పెన్నకు వరద వచ్చి కోవూరు, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. దీపాల సంగతి అటుంచి ఇంటికి చేరడమే గగనమైన జనం ఎంతోమంది. ప్రతి ఏడూ అంత జరగదు. కానీ పెన్న మీది సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలారంటే ఏటి ఘాట్ల దగ్గరికి పోలీసులు ఎవరినీ పోనివ్వరు. ఇట్లాంటి రోజుకు రెండు నెలల ముందు డబ్బు కట్టి రూములు బుక్ చేసుకోకండి, క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే తీసుకోండి.

తేదీ విషయం కూడా చూసుకోవాలి. పౌర్ణమి ఏటా ఒకే తేదీన రాదు. 2025లో నవంబరు 5న వచ్చింది, 2026లో అధిక మాసం వచ్చినందువల్ల నవంబరు 24, మంగళవారం. తిథి రెండు రోజుల్లో పడితే సాయంత్రానికి పౌర్ణమి ఉన్న రోజు చూడండి, గుడికి ఫోన్ చేసి జ్వాలాతోరణం ఏ రోజో కనుక్కోవడం ఇంకా మంచిది. క్యాలెండర్ చూసి బయలుదేరి ఒకరోజు ఆలస్యంగా వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక రూములు. ఇది మా వ్యాపారం కాబట్టి తెలిసిన గుట్టు. కార్తీకంలో ముహూర్తాలున్న ఏడాది అయితే పెళ్లిళ్లే పెళ్లిళ్లు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, మేమూ అందరం బిజీ. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా, ముహూర్తాలుండవు. హోటల్ రూములు తేలిగ్గా దొరుకుతాయి, రేటు కూడా బేరానికి వస్తుంది. మీకు డిసెంబరు చెప్పడానికి మొదటి కారణం ఇదే. రెండోది, డిసెంబరు చివరికి వానలు చాలావరకు తగ్గిపోతాయి. మూడోది, డిసెంబరు వెలుగులు ఎక్కువ కరెంటువే కాబట్టి పిల్లలు, పెద్దలతో ఆలస్యమైనా ఏమీ పోదు.

2026లో ముక్కోటి ఏకాదశి డిసెంబరు 20, ఆదివారం. ఉత్తర ద్వార దర్శనం కోసం రంగనాథస్వామి గుడికి అర్ధరాత్రి నుంచే క్యూ కడతారు. ఆ క్యూలో అమ్మగారిని నిలబెట్టొద్దు. ఇక్కడ మా పనివాళ్ల చిట్కా ఒకటి చెప్తాను: పండగకు ముందు రోజు రాత్రి రండి. మేం ఎప్పుడూ ముందు రాత్రే మొత్తం వేసి చూసుకుంటాం. ఎక్కడ సెట్ వెలగలేదు, ఎక్కడ రంగు తేడా వచ్చింది, ఏ ఫేజు మీద లోడు ఎక్కువైంది అని. గోపురం మొత్తం వెలుగుతూ ఉంటుంది, కింద మేం పదిమందిమి, నాలుగు కుక్కలు. పండగ రోజు మీకు దొరకనంత చోటు, సావకాశం. క్రిస్మస్‌కు కూడా ఇదే లెక్క, 24 రాత్రి కన్నా 23 రాత్రి చర్చీలు తీరిగ్గా చూడొచ్చు.

క్రిస్మస్‌కు మాత్రం ఒంగోలు. ఎందుకు ఒంగోలు అంటే దానికో చరిత్ర ఉంది. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరులో మిషన్ మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి అది సాగలేదు, మ్యాపులో ఒంటరి చుక్కలా ఉందని దానికి లోన్ స్టార్ మిషన్ అనే పేరు పడింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాక కథ మారింది. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలే ఇవాళ ఈ చుట్టుపక్కల పల్లెల్లో చర్చీలకు లైట్లు కట్టిస్తున్నది. ఒంగోలులో జూవెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి చూడండి, ఆ ఊరి క్రిస్మస్‌కు అదే నడిబొడ్డు. నెల్లూరులో అయితే సెయింట్ జోసెఫ్ కెథీడ్రల్.

కానీ నిజంగా బాగుండేది ఊళ్లో కాదు. సాయంత్రం ఆరున్నర తర్వాత హైవే దిగి ఏదో ఒక పల్లె రోడ్డు పట్టుకోండి. పొలాలు చీకటిగా ఉంటాయి. దూరంగా ఊరు కనపడకముందే చుక్కలు కనపడతాయి, సరివి కర్రలకు కట్టి ఇళ్ల కప్పుల పైకి ఎత్తిన స్టార్లు. ఇప్పుడు చాలావరకు కొట్లో కొన్న ప్లాస్టిక్, ఎల్‌ఈడీ స్టార్లే. ఇంకా కొన్ని ఊళ్లల్లో కుర్రాళ్లు వెదురు బద్దలు చీల్చి, మూలల్లో దారంతో బిగించి, గాలిపటం కాగితం అంటించి, లోపల జీరో బల్బు వేలాడదీస్తారు. తెల్లారేసరికి మంచుకు కాగితం ముడతలు పడుతుంది, ఒక మూల చిరుగుతుంది, మళ్లీ సాయంత్రానికి మైదా జిగురుతో అతుకు పడుతుంది. అతుకు ఉన్నచోట వెలుగు ముదురు రంగులో కనపడుతుంది. కొన్న స్టార్లలో అలాంటిది ఉండదు. పల్లెలో కారు ఆపి చూస్తే ఎవరూ ఏమీ అనరు, పైగా కేకు ముక్క పెట్టకుండా పంపరు. లైట్లు ఎక్కువ చోట్ల జనవరి 1 దాకా ఉంచుతారు, 31 రాత్రి ఆరాధన కూడా ఉంటుంది కాబట్టి. 26 నుంచి 30 మధ్య వచ్చినా పెద్దగా నష్టం లేదు.

కొంచెం సొంత గోడు. ఇదివరకు సీరియల్ సెట్ అంటే ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై దాకా వరసగా కలిపితే 230 వోల్టులకు సరిపోయేది. ఒకటి పోతే లైనంతా ఆరిపోయేది, టెస్టర్ పట్టుకుని నిచ్చెన మీద ఒక్కో బల్బూ వెతికేవాళ్లం. కష్టమే. అయినా ఆ పసుపు వెలుగు కళ్లకు చల్లగా ఉండేది. ఇప్పుడు పిక్సెల్ లైట్లు, ప్రతి బల్బులో చిప్పు, కంట్రోలర్‌లో మెమరీ కార్డు, నెమలి పురి విప్పుతుంది, జలపాతం పడుతుంది. అదే నెమలి, అదే జలపాతం ప్రతి ఊళ్లోనూ. శిల్పం ఉన్న గోపురం మీద రంగులు మారే లైట్లు ఎదురుగా కొడితే శిల్పం చదునైపోతుంది. కింద నుంచి పక్కవాటుగా ఒకే పసుపు రంగు వేస్తే ప్రతి బొమ్మకూ నీడ పడుతుంది, అప్పుడే అది నిలబడి కనపడుతుంది. కమిటీ వాళ్లకు నేను చెప్తూనే ఉంటాను, వాళ్లు పక్క ఊరి నెమలి కావాలంటూనే ఉంటారు. కాబట్టి మీరు వెళ్లినచోట లైటింగ్ సాదాగా కనపడితే వెంటనే పెదవి విరవకండి, రెండు నిమిషాలు నిలబడి గోపురం చూడండి.

ఇక ఫోటోల సంగతి. పూర్తి చీకటి పడ్డాక తీస్తే లైట్లు తెల్లగా కాలిపోయి మిగతాదంతా నల్లగా వస్తుంది. సూర్యాస్తమయం అయిన పావుగంట, ఇరవై నిమిషాలకు ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, అప్పుడు తీయండి. ఫోన్‌లో వెలుగున్న చోట వేలుతో నొక్కి బ్రైట్‌నెస్ కిందికి లాగండి. వీడియోలో ఎల్‌ఈడీల మీద చారలు పాకుతున్నాయంటే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలావరకు పోతాయి. పిక్సెల్ లైట్లకు మాత్రం ఒక్కోసారి ఏం చేసినా పోవు. నూనె దీపాల దగ్గర ఫ్లాష్ వాడకండి. వత్తులు వెలిగించుకుంటున్న ఆడవాళ్ల మొహం మీదికి ఫోన్ పెట్టేముందు ఒక మాట అడగండి, గర్భగుడి వైపు కెమెరా తిప్పొద్దు.

జాగ్రత్తలు రెండే, కానీ రెండూ గట్టిగా చెప్తున్నా. దీపాల దగ్గరికి సిల్కు, నైలాన్ చున్నీలు, వేలాడే పైటలు వద్దు, నూలు బట్టలు కట్టుకోండి. పౌర్ణమి రోజు గుడి మెట్ల మీద నూనె కారి ఉంటుంది, చెప్పులు లేని కాళ్లతో పెద్దవాళ్లు జారేది అక్కడే, చెయ్యి పట్టుకుని దింపండి. రెండోది మా వైపు నుంచి. వాన పడి నేల తడిగా ఉన్నప్పుడు లైటింగ్ ఆర్చీలను, ఇనుప కమ్మీలను, వేలాడే వైర్లను పిల్లలు ముట్టుకోకుండా చూడండి. మంచి పనివాళ్లు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా పడిపోయే బ్రేకర్ పెడతారు, వాన వస్తే మెయిన్ ఆపేస్తారు. అందరూ అట్లా ఉండరు.

మీ రెండు రాత్రులకు నేనైతే ఇట్లా వేస్తాను. డిసెంబరు 23న పొద్దున్నే బయలుదేరి నార్కెట్‌పల్లి, అద్దంకి రోడ్డు మీదుగా మధ్యాహ్నానికి ఒంగోలు. కాస్త పడుకుని, ఐదున్నరకు ఒంగోలు చర్చి, ఆరున్నర నుంచి చుట్టుపక్కల పల్లెలు, తొమ్మిదికల్లా రూము. 24న భోజనం చేసి బయలుదేరితే రెండు గంటల్లో నెల్లూరు. సాయంత్రం దీపాల వేళకు మూలాపేట గుడికో రంగనాథస్వామి గుడికో అమ్మగారిని తీసుకెళ్లండి, ధనుర్మాసం కాబట్టి గుడి కళగానే ఉంటుంది. రాత్రి భోజనానికి చేపల పులుసు, మామిడికాయ ముక్క పడిందో లేదో అడిగి మరీ చెప్పండి. పదిన్నర తర్వాత ఓపిక ఉన్నవాళ్లు కెథీడ్రల్ వైపు వెళ్లండి, అర్ధరాత్రి పూజకు చాలామంది వస్తారు. మిగతావాళ్లు నిద్రపోవచ్చు.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ కూడా కలుపుకోవచ్చా అని కొందరు అడుగుతారు. అది మొహర్రంకు వస్తుంది, ఈ ఏళ్లలో చలికాలంలో పడదు, వేసవి దాటినప్పుడు వస్తోంది. ఫ్లెమింగోల పండగ పక్షుల కోసం, లైట్ల కోసం కాదు, పగలు పెట్టుకోవాల్సిన ప్రయాణం. దీపావళికి రావొద్దు, ఆ రోజు ఎవరింట్లో వాళ్లుంటారు, బయటివాళ్లకు పొగ తప్ప ఏమీ దొరకదు.

తిరుగు ప్రయాణం 25న పొద్దున్నే ఐదింటికి పెట్టుకోకండి. ఆ రోజుల్లో హైవే పక్కన పొలాలుండే చోట మంచు దట్టంగా దిగుతుంది, ఆగి ఉన్న లారీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఎనిమిదింటిదాకా ఆగి, కారం దోసె తిని బయలుదేరండి. దారిలో మంచు తగిలినా హై బీమ్ వెయ్యొద్దు, ఆ వెలుగు మంచుకు కొట్టి మన కళ్లల్లోకే వస్తుంది, లో బీమ్‌లో నెమ్మదిగా పోండి.